ఊహయు ధారణయు: పిల్లల ప్రజ్ఞను కొలిచిన చరిత్రము

మన తెలుగునాట బుద్ధిమంతుడైన బాలుని మెచ్చుకొనవలసివచ్చినపుడు పెద్దలు తఱచుగా వాడెడు మాట ‘ఏకసంథాగ్రాహి’ యనునది. ఒక్కమాఱు వినినదానిని మఱవక యొప్పజెప్పగలవాడని దాని యర్థము. అవధానవిద్యకు మన సమాజ మిచ్చిన గౌరవము ఈ మెప్పునకు బలము చేకూర్చినది. ధారణాశక్తి తక్కువ గుణము కాదు. కాని వినినదానిని నిలుపుకొనుట యొకటి. ఎవ్వరును చెప్పనిదానిని, ఎన్నడును చూడనిదానిని, తనంతట తాను పోల్చి తెలిసికొనుట మఱియొకటి. కౌటిల్యుడు అర్థశాస్త్రమున బుద్ధిగుణములను లెక్కించుచు గ్రహణమును ధారణమును చెప్పి, ఊహను అపోహను వేఱుగా పేర్కొనినాడు. దీనినిబట్టి పాశ్చాత్యుల మనశ్శాస్త్రమంతయు మనవారికి ముందే తెలియునని వాదించువారు గలరు. మే మట్లు వాదింపజాలము. గుణమునకు పేరు పెట్టుట వేఱు, దానిని కొలుచుట వేఱు. కొలుచుటకు పూనుకొనినవారు గత నూటయిరువది యేండ్లలో పడిన పాట్లును, ఆ కొలత పదునొకండు మొదలు పదునాలుగేండ్ల వఱకు గల పిల్లల బ్రతుకులలో కలిగించిన మేలుకీడులును తెలిసికొనదగినవి. ఏలయన ఆ కొలత నేడు మన యిండ్లలోని పిల్లల ముందు కూడ ప్రశ్నపత్రమై కూర్చున్నది.

ఫ్రాన్సు దేశమున 1882వ సంవత్సరపు శాసనముచే ప్రతి బిడ్డయు చదువుకొనితీరవలెనని యేర్పడెను. అంతవఱకు బడి మొగ మెఱుగని యిండ్లనుండి పిల్లలు వేలకొలదిగ వచ్చి బల్లలపై కూర్చుండిరి. అందు కొందఱు పాఠము నందుకొనలేకపోయిరి. వీరు నిజముగా మందబుద్ధులా? రోగులా? ఆకలిగొన్నవారా? లేక అల్లరిచే పంతులుకు కిట్టనివారా? బడిపంతులు నోటిమాట ననుసరించి యొక బిడ్డను వేఱు బడికి పంపివేయుట న్యాయమా? ఈ చిక్కును విచారించుటకు 1904లో అచ్చటి విద్యాశాఖ యొక సంఘమును నియమించెను. అందు సభ్యుడైన ఆల్ఫ్రెడ్ బినే యంతకు పూర్వము పిల్లల తలల చుట్టుకొలతలు తీసి, తెలివిగలవారికిని లేనివారికిని వానిలో చెప్పదగిన భేదము లేదని తెలిసికొని, ఆ మార్గమును విడిచిపెట్టినవాడు. ఆయన యువవైద్యుడైన తెయొడోర్ సిమోనుతో గూడి 1905లో ముప్పది చిన్నపనుల వరుస నొకదానిని ప్రకటించెను. మొదటిపని, వెలిగించిన అగ్గిపుల్ల వెంట బిడ్డ చూపు కదలుచున్నదా యని చూచుట. చివరిపని, దగ్గఱ యర్థములు గల రెండు భావవాచకములకు భేదము చెప్పించుట. 1908లో ఈ పనులను మూడేండ్లు మొదలు పదుమూడేండ్ల వఱకు వయస్సులవారీగా అమర్చెను. ఎనిమిదేండ్ల పిల్లలలో పెక్కురు చేయగల పనులను చేసినవాని మనోవయస్సు ఎనిమిది; వాని నిజమైన వయస్సు ఎంతయైనను కానిండు.

ఇందు గమనింపవలసిన దొకటి కలదు. బినే యీ కొలతను బిడ్డ నుదుటివ్రాతగా నెన్నడును తలపలేదు. బుద్ధి పుట్టుకతో గీచిన గీత యనియు, దాని నెవ్వరును పెంపజాలరనియు కొందఱు పండితులు చెప్పుచుండగా, 1909లో వ్రాసిన గ్రంథమున ఆయన దానిని గట్టిగా ఖండించెను. అవధానమును, నిర్ణయశక్తిని అభ్యాసముచే పెంచుటకు తరగతులలో చేయింపదగిన సాధనలను కూడ సూచించెను. కొలిచినది సాయము చేయుటకే. 1911లో తన వరుసను మఱల సవరించి, ఆ సంవత్సరముననే, యేబదినాలుగేండ్ల వయస్సున ఆయన మరణించెను.

కొలత సముద్రము దాటినంతనే దాని స్వభావము మాఱిపోయెను. 1912లో జర్మనీ పండితుడు విలియం స్టెర్న్ మనోవయస్సును నిజవయస్సుచే భాగింపవచ్చునని చెప్పెను. ఆ భాగఫలమును నూటిచే హెచ్చింపగా వచ్చినదే ప్రజ్ఞాలబ్ధి. పదేండ్ల బాలుడు పండ్రెండేండ్లవాని పనులు చేసినచో వానికి 120. (నేటి పరీక్షలలో ఈ భాగాహారము లేదు, బిడ్డను సమవయస్కుల సగటుతో పోల్చి, సగటును 100గా ఎంచి, సంఖ్య నిర్ణయింతురు. పేరు మాత్రము పాతదే నిలిచినది.) అమెరికాలో హెన్రీ గాడర్డ్ ఆ పరీక్షను ఇంగ్లీషులోనికి తెచ్చెను, 1916లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున లూయీ టెర్మన్ దానిని విస్తరించెను. వీరిరువురును బుద్ధి వంశపారంపర్యమైన సొత్తని నమ్మినవారు. 1917లో అమెరికా యుద్ధమున ప్రవేశింపగా పదునేడు లక్షలకు పైగా సైనికులను పరీక్షించిరి. చదువు వచ్చినవారి కొక పత్రము, రానివారికి బొమ్మలపత్రము. బొమ్మలైనచో చదువుతో పనిలేదని వారి భావము. కాని ఆ బొమ్మలలో నొకటి వల లేని టెన్నిసు ఆటస్థలము. మఱియొకటి కొమ్ము లేని గ్రామఫోను. లోపించినదేదో చెప్పవలెను. ఇటలీనుండి క్రొత్తగ వచ్చిన కూలివాడు టెన్నిసు నెక్కడ చూచినాడు? అక్షరములు తీసివేసినంతమాత్రమున చదువును తీసివేసినట్లు కాదని యీ బొమ్మలపత్రమే చెప్పుచున్నది. ఈ మాట మఱల వచ్చును.

ఇంగ్లండులో నీ కథ వేఱుగా నడచెను. 1920 ప్రాంతమున నార్తంబర్లండు మండలాధికారులకు ఒక సందేహము కలిగెను. ఉన్నతపాఠశాలలలో ఉచితముగా చదువుకొనుటకు జరుగు పోటీపరీక్షకు కొన్ని పల్లెబడులనుండి ఒక్కడును రాకుండెను. గనికూలీల బిడ్డలలో, కొండపల్లెల కాపరుల బిడ్డలలో తెలివిగలవారు లేరా? లేక వారి పంతుళ్లు పంపుటలేదా? ఆ పరీక్ష లెక్కలు, భాష మొదలగు నేర్పిన పాఠములమీద జరుగుచుండెను. నేర్పని బడి పిల్లవాడు దానిలో నిలుచుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు వారు గాడ్‌ఫ్రే థామ్సన్‌ను పిలిచిరి. ఆయనయు తండ్రికి దూరముగా తల్లి పెంపకమున పెరిగి, విద్యార్థివేతనముచే చదువుకొని పైకి వచ్చినవాడే. ఆయన 1921లో, నేర్పిన పాఠములతో వీలైనంత తక్కువ సంబంధముగల ప్రశ్నలను కూర్చి పల్లెబడులలో నడపెను. అంతవఱకు లెక్కలోనికి రాని పిల్లలు కొందఱు దానివలన బయల్పడిరి. తరువాత ఎడింబరోలోని మోరే హౌస్ శిక్షణకళాశాలనుండి ఆయన పరీక్షలు బ్రిటనంతటను వ్యాపించెను. వానిపై వచ్చిన సొమ్మును తాను తీసికొనక పరిశోధనకు వినియోగించెను. పరీక్షాశాస్త్ర చరిత్రలో మాకు మిక్కిలి నచ్చిన ఘట్ట మిదియే. బడి యెక్కడ లోపించినదో యక్కడ బిడ్డను వెదకుటకు కొలబద్దను పట్టుకొని పోయినవాడు థామ్సన్.

ఆ థామ్సన్ పరీక్షయే స్కాట్లండు దేశమున మఱియొక పెద్ద ప్రయత్నమునకు సాధనమయ్యెను. 1932 జూన్ 1వ తేదీన, 1921లో పుట్టి యానాడు బడిలోనున్న పిల్లలందఱిని ఒకే దినమున పరీక్షించిరి. పరీక్ష వ్రాసినవారు 87,498 మంది. ఒక దేశపు పదునొకండేండ్ల పిల్లలనందఱిని ఇట్లు కొలిచిన దేశము మఱియొకటి లేదు. పదునైదేండ్లు గడచిన పిదప, 1947 జూన్ 4వ తేదీన, 1936లో పుట్టినవారిని, 70,805 మందిని, అదే పరీక్షకు కూర్చుండబెట్టిరి. ఈ రెండవమాఱు కొలుచుటకు వెనుక ఒక భయము కలదు. బీదలకు సంతానమెక్కువ, బీదల పిల్లలకు మార్కులు తక్కువ; కావున జాతి బుద్ధి తరతరమునకు క్షీణించునని ఆనాటి పండితులలో పెక్కురు నమ్మిరి. ఫలిత మేమైనది? సగటు 34.5 నుండి 36.7కు పెరిగెను. క్షయమును చూడగోరినవారికి వృద్ధి కనబడెను. ఇదే భయముతో 1937లో గ్రంథము వ్రాసి, లెస్టర్ నగరమున పదేండ్ల పిల్లలను 1936లోను, మఱల 1949లోను కొలిచిన యొక యువపండితునకును ఇట్టి యనుభవమే కలిగెను. తగ్గుననుకొన్న సగటు ఒకటికి పైగా పెరిగినది. ఆయన పేరు రేమండ్ కాటెల్. ఆయనతో మనకు ముందు పని గలదు.

స్కాట్లండు కాగితములు చాలకాలము అటకలపై పడియుండెను. 1990 తరువాత ఇయన్ డియరీయు, లారెన్స్ వాలీయు వానిని వెలికి తీసిరి. 1998 జూన్ 1వ తేదీన, సరిగా అఱువదియాఱేండ్లకు, అబర్డీన్ నగరపు సంగీతశాలలో డెబ్బదియేడేండ్ల వృద్ధులు 101 మంది కూర్చుండి బాల్యమున వ్రాసిన పరీక్షనే మఱల వ్రాసిరి. నాటి మార్కులకును నేటి మార్కులకును గల సంబంధము 0.63. పూర్ణసంబంధమైనచో 1, ఏమియు లేనిచో 0. దీనిని రెండు విధముల చదువవచ్చును. అఱువదియాఱేండ్ల బ్రతుకు, ఒక మహాయుద్ధము, వివాహము, వృత్తి, రోగము దాటియు అంత నిలిచినదా యని ఆశ్చర్యపడవచ్చును. లేదా, అంత మాఱినదా యనియు అనవచ్చును. రెండును నిజమే. గుంపును చూచువానికి మొదటిది ముఖ్యము. ఒక్క బిడ్డను ఎదుట నిలుపుకొన్న తల్లికిని పంతులుకును రెండవది ముఖ్యము.

ఇంగ్లండులో 1944వ సంవత్సరపు విద్యాశాసనము ఆ రెండవదానిని మఱచెను. పదునొకండవయేట పరీక్ష, గెలిచినవారు గ్రామరు పాఠశాలకు, ఓడినవారు సామాన్య పాఠశాలకు. పరీక్షలో ఇంగ్లీషు, లెక్కలు, ప్రజ్ఞాపరీక్ష అను మూడు భాగములు. పుట్టుకతో వచ్చిన సామర్థ్యమును ఆ వయస్సుననే నిశ్చయింపవచ్చునని సిరిల్ బర్ట్ మొదలగువారు చెప్పిన మాట ఈ యేర్పాటునకు అండ. కాని గ్రామరు పాఠశాలలలో స్థానముల సంఖ్య మండలమునకు మండలమునకు వేఱు. ఒకచోట గెలిచిన మార్కులు మఱియొకచోట ఓటమి. పెక్కుచోట్ల బాలికలకు స్థానములు పరిమితములగుటచే బాలురకంటె ఎక్కువ మార్కులు తెచ్చుకొన్న బాలికలు బయట నిలిచిరి. ఇది కొలబద్ద తప్పు గాదు, కొలిపించినవారి తప్పు. 1957లో వెలువడిన యొక జాతీయపరిశోధన, ఎంత శ్రద్ధగా పరీక్షించినను ఇంచుమించు పదిమందిలో ఒకరు తగని బడికి పోవుచున్నారని చూపెను. అంతకు కొంచెము ముందే ఫిలిప్ వెర్నన్, ప్రజ్ఞాపరీక్షకు కూడ ప్రత్యేకశిక్షణ యిచ్చినచో మార్కులు పెరుగునని ప్రకటించి జనులను కలవరపెట్టెను. బర్టు కవలపిల్లలనుగూర్చి ప్రకటించిన లెక్కలు నమ్మదగినవి కావని ఆయన మరణానంతరము తేలిన సంగతి వేఱొక కథ. 1965లో ప్రభుత్వము ఈ విభజనను మానుకొనుడని మండలములకు వ్రాసెను. కెంటు మొదలగు కొన్నిచోట్ల అది నేటికిని నడచుచున్నది.

ఆ పరీక్షలో నున్న మూడు భాగములను కూడి యొక్క మొత్తము చేయుటలోనే లోపమున్నదని చెప్పుటకు కావలసిన సిద్ధాంతము అప్పటికే పుట్టియున్నది. మాంట్రియలు నగరమున డొనాల్డ్ హెబ్ మెదడు ముందుభాగమున శస్త్రచికిత్స జరిగిన పెద్దవారిని పరీక్షించుచు, వారికి వెనుక నేర్చిన పదజాలము, లోకజ్ఞానము చెక్కుచెదరకుండుటను కనుగొని విస్మయపడెను. క్రొత్తదానిని నేర్చుశక్తి యొకటి, నేర్చి నిలువజేసికొన్న శక్తి యొకటియని ఆయన తలచెను. ఆ కాలముననే కాటెల్, 1943లో ప్రకటించిన వ్యాసమున, ఈ రెంటికి పేళ్లు పెట్టెను. మొదటిది ద్రవప్రజ్ఞ, రెండవది స్ఫటికప్రజ్ఞ. ఎవరు ముందు చెప్పిరను వివాదము వారి కుండనే యుండెను. మనకు దానితో పని లేదు.

పేళ్లు చక్కగా కుదిరినవి. చక్కెరపాకము ఏ పాత్రలో పోసిన ఆ రూపము దాల్చును. అందు దారము వ్రేలాడగట్టి కదల్పక యుంచినచో కొన్నాళ్లకు దానిచుట్టును కలకండ కట్టును. అది పలుకులుగా గట్టిపడి యెంతకాలమైనను నిలుచును. కాని పాకము లేనిదే కలకండ లేదు. దారము లేకున్నను సరిగా కట్టదు. పాకము బిడ్డది. దారము బడియు, ఇల్లును, పుస్తకములును. ద్రవప్రజ్ఞను బిడ్డ యే విద్యలో పెట్టుబడి పెట్టునో ఆ విద్యయందు స్ఫటికప్రజ్ఞ యేర్పడునని కాటెల్ సిద్ధాంతము. ఇంటిలోనే దీనికి నిదర్శనము గలదు. అమ్మమ్మకు వేయి సామెతలు, నూఱు చిట్కావైద్యములు, ఊరి వంశముల చరిత్రమంతయు తెలియును. క్రొత్త సెల్‌ఫోను చేతికిచ్చిన మనుమరాలు గడియలో దాని గుట్టు తెలిసికొనును, అమ్మమ్మ తెలిసికొనదు. ద్రవప్రజ్ఞ బాల్యమున వేగముగా పెరిగి యౌవనారంభమున పతాకస్థాయి నంది తరువాత మెల్లగా తగ్గును. స్ఫటికప్రజ్ఞ వార్ధకమువఱకు పెరుగుచునే యుండును. దీనిని కాటెల్, ఆయన శిష్యుడు జాన్ హార్న్ 1966 ప్రాంతమున విస్తరించి చూపిరి.

ఈ రెంటిని వేఱుచేసి చూపవలెనని కాటెల్ 1963లో చేసిన పరీక్ష యేడు, ఎనిమిదవ తరగతుల పిల్లలు 277 మందిమీదనే జరిగెను. ఆ వయస్సునందే యేల? పెద్దవారిలో ద్రవప్రజ్ఞ తగ్గి స్ఫటికప్రజ్ఞ పెరుగుటచే వాని భేదము సులభముగా కనబడును. పిల్లలలో రెండును కలసి పెరుగుచుండును. భేదము నిజమైనచో అక్కడ కూడ కనబడవలెను. కనబడెను. అయితే పూర్తిగా విడిపోలేదు. ఒకటి యెక్కువగలవారికి రెండవదియు ఎక్కువగా నుండుట సామాన్యము. ఆ సామాన్యమునుండి తప్పినవారే మనకు కావలసినవారు.

ద్రవప్రజ్ఞను కొలుచుటకు ఏర్పడిన సాధనములలో ప్రసిద్ధమైనది 1938లో జాన్ రేవెన్ ప్రకటించినది. మూడు వరుసలు, వరుసకు మూడు ఆకృతులు, చివరిగడి ఖాళీ. అడ్డముగా పోవునపుడు గీతలు పెరుగును, నిలువుగా పోవునపుడు ఆకృతి తిరుగును. ఖాళీగడిలో నుండదగిన ఆకృతిని క్రిందనున్నవానిలో నెన్నుకొనవలెను. అక్షరము లేదు, అంకె లేదు. దీనిని చూచినపుడెల్ల మాకు మన వాకిళ్లలోని చుక్కలముగ్గు జ్ఞప్తికి వచ్చును. ఒక మూల వేసిన మెలికను నాలుగు మూలలకు త్రిప్పి కలుపు బాలిక ఈ విద్యనే యభ్యసించుచున్నది గదా! అట్లయినచో, ముగ్గు లేని దేశపు బాలికతో ఈమెను పోల్చుట సరియేనా? కాటెల్ తన పరీక్షకు ‘సంస్కృతిసమము’ అని పేరు పెట్టెను. మా యభిప్రాయమున ఆ పేరు ఆశను తెలుపునుగాని సిద్ధిని తెలుపదు. టెన్నిసు వలను తీసివేయుట సులభము; గడులను, గీతలను, కాగితమును చూచి పెరిగిన యలవాటును తీసివేయుట దుర్లభము.

ఈ సందేహమునకు బలమిచ్చినవాడు న్యూజీలండు పండితుడు జేమ్స్ ఫ్లిన్. 1987లో ఆయన పదునాలుగు దేశముల లెక్కలను కూర్చి, తరతరమునకు ప్రజ్ఞాపరీక్షల మార్కులు పెరుగుచున్నవని చూపెను. వింత యేమనగా, పాఠములతో సంబంధము గల పదజాలము, లెక్కలు మొదలగువానియందు పెరుగుదల తక్కువ. పాఠముతో నిమిత్తము లేదన్న రేవెన్ ఆకృతులయందే యెక్కువ. ఒక తరములో రక్తము మాఱదు; మాఱినది బ్రతుకు తీరు.

అయినను ఈ రెండు ప్రజ్ఞల భేదము మిథ్య యని త్రోసివేయరాదు. 2014లో అమెరికాలోని బోస్టను నగరమున ఎనిమిదవ తరగతి పిల్లలు 1,367 మందిని పరీక్షించిన పండితులు, కొన్ని బడులు పిల్లల పాఠ్యపరీక్షల మార్కులను బాగుగా పెంచగలిగినను, ఆ పిల్లల ద్రవప్రజ్ఞను పెంచలేదని కనుగొనిరి. స్వీడనులో సైన్యమునకు పిలువబడిన పదునెనిమిదేండ్ల యువకుల లెక్కలు చూచినవారు 2015లో ఇంకను సూక్ష్మముగా చెప్పిరి: పది దినములు బడి యెక్కువైనచో స్ఫటికప్రజ్ఞ పరీక్షలలో కొంచెము పెరుగుదల కనబడును, ద్రవప్రజ్ఞ పరీక్షలలో బడిదినములచే పెరుగుదల లేదు. బడి నేర్పినది నేర్పినచోటనే కనబడుచున్నదన్నమాట. మఱి ఎదుగు వయస్సు సంగతి? 2011లో లండను పండితులు ముప్పదిముగ్గురు పిల్లలను పండ్రెండు మొదలు పదునాఱేండ్ల వయస్సున ఒకమాఱును, మూడు నాలుగేండ్ల తరువాత మఱియొకమాఱును కొలువగా, కొందఱిలో ఇరువదింటివఱకు హెచ్చుతగ్గులు కనబడెను. వానితోడనే మెదడులోని తత్సంబంధ భాగములందును మార్పు కనబడెను. ముప్పదిముగ్గురు చాల కొద్దిమంది. అయినను, పదునొకండవయేట తలుపు మూసివేయువారికి ఈ ముప్పదిముగ్గురు జవాబు చెప్పవలసిన సాక్షులు.

మన దేశమున ఈ వయస్సు పిల్లలకై జరిగిన ప్రయత్నములలో సి. ఎం. భాటియా 1955లో ప్రకటించినది గొప్పది. చదువు వచ్చినవారిని, రానివారిని ఒకే కొలతతో కొలువవలెనని ఆయన సంకల్పము. రంగుల దిమ్మెలతో ఆకృతులు కూర్చుట, పెట్టెలోని చెక్కలను జరుపుట, చేయి యెత్తక గీతలు గీయుట, వినినదానిని తిరిగి చెప్పుట, బొమ్మ ముక్కలను చేర్చుట అను ఐదు పనులు. ఉత్తరప్రదేశమున పదునొకండు మొదలు పదునాఱేండ్ల బాలురలో బడికి పోవువారు 642 మందిని, బడి యెఱుగనివారు 512 మందిని పరీక్షించి ప్రమాణము లేర్పఱచెను. అక్షరము రాని బాలుని యెదుట కూడ కూర్చుండి వాని యూహ నడిగిన పని యది. కాని యాతడు కొలిచిన 1,154 మందిలో ఒక్క బాలికయు లేదు. బడికి పోని బాలికలు ఆ దినములలో బాలురకంటె ఎక్కువగా నుండిరి. థామ్సన్ వలె వెదకవలసినచో మొట్టమొదట వెదకవలసినది వారినే.

నేడు మన రెండు తెలుగురాష్ట్రములలోని ప్రభుత్వపాఠశాలల పిల్లలు ఎనిమిదవ తరగతిలో వ్రాయు జాతీయోపకారవేతన పరీక్షను మా పాఠకులలో పెక్కు రెఱుగుదురు. 2008లో ఏర్పడిన ఈ పథకము, ఆదాయము తక్కువగల యిండ్ల పిల్లలు ఎనిమిదవ తరగతితో చదువు మానకుండుటకై ఏర్పడినది. ఎంపికైనవారికి తొమ్మిది మొదలు పండ్రెండవ తరగతివఱకు సంవత్సరమునకు 12,000 రూపాయలు. పత్రములు రెండు, ఒక్కొక్కటి తొంబది మార్కులు. ఒకటి మానసికసామర్థ్యము: ఆకృతుల వరుసలు, సంఖ్యల వరుసలు, పోలికలు, దాగిన బొమ్మలు. రెండవది పాఠ్యవిషయములు: గణితము, విజ్ఞానము, సాంఘికము. పేళ్లు వేఱైనను కాటెల్ చెప్పిన రెండు ప్రజ్ఞల నీడలే యివి. ఇంత చక్కగా రెంటిని వేఱుచేసి కొలిచినవారు, వానిని కూడి యొక్క మొత్తముచేసి ఎంపిక చేయుదురు.

దీని ఫలమేమో చూడుడు. మొదటిపత్రమున 65, రెండవదానిలో 40 తెచ్చుకొన్న పిల్ల కలదనుకొందము. మొదటిపత్రమున 40, రెండవదానిలో 65 తెచ్చుకొన్న పిల్లవాడు కలడనుకొందము. ఇరువురి మొత్తము 105. జాబితాలో ఇరువురును ఒక్కటే. కాని వీరి చరిత్రలు వేఱు. పిల్లవాడు బడికి క్రమముగా వచ్చినవాడు, ఇంట అడిగి చెప్పించువారు గలవాడు కావచ్చును. ఆ పిల్ల మిరపకాయల కోతకును, పత్తితీతకును తల్లివెంట పోయి నెలలకొలది బడి తప్పినది కావచ్చును. ఇంట చెప్పువారు లేరు. తరగతిలో చెప్పిన దినమున ఆమె లేదు. ఆమె రెండవపత్రము బడి యామెకు బాకీపడినదానిని చూపుచున్నది; మొదటిపత్రము ఆమెకు నేర్పినచో ఎంత నేర్చునో చూపుచున్నది. ఆ రెండు సంఖ్యల నడుమ నున్న ఇరువదియైదు మార్కులే పంతులు చదువవలసిన పాఠము. కూడికలో అది మాయమగును. మొత్తము 95 వచ్చి జాబితాకు ఎక్కని అట్టి పిల్లలో మఱియు మాయమగును.

ఇందు రెండు జాగ్రత్తలు గలవు. ఒకటి గణితశాస్త్రమునకు సంబంధించినది. ప్రతి పరీక్షామార్కునందును కొంత పొరపాటుండును: ఆనాటి జ్వరము, ఆకలి, అదృష్టముచే పెట్టిన గుర్తు. రెండు మార్కుల భేదమును తీసినపుడు రెంటి పొరపాట్లును అందు చేరును. కావున అయిదాఱు మార్కుల భేదముపై కథ లల్లరాదు. పెద్దభేదము నైనను తరగతిలో మఱల మఱల చూచి నిశ్చయించుకొనవలెను.

రెండవజాగ్రత్త బజారునుండి వచ్చినది. మానసికసామర్థ్యమునకు మార్గదర్శినులు దండిగా అమ్ముడుపోవుచున్నవి. మా తరగతులలో వానిని చదివిన పిల్లలను చూచుచున్నాము. తప్పిపోయిన ఆకృతులు అయిదువందలు చేసిన బాలుడు క్రొత్తదానిని చూచి యాలోచింపడు; “ఇది త్రిప్పుడు లెక్క, ఇది చుక్క పెరుగు లెక్క” యని పేరు పెట్టి గుర్తు పెట్టును. వానికి ద్రవమంతయు స్ఫటికమైపోయినది. వెర్నన్ ఇంగ్లండులో చూపినది ఇదియే. కొనగలిగినవానికి మొదటిపత్రము కూడ రెండవ పాఠ్యపత్రమగుచున్నది. కొనలేని పిల్ల మాత్రము దానిని నిజముగా ఊహతోనే వ్రాయుచున్నది. ఏ పత్రము పేదపిల్ల బుద్ధిని బయటపెట్టుటకై పుట్టినదో ఆ పత్రమే మెల్లమెల్లగా ఆమెకు ప్రతికూల మగుచున్నది. పిల్లలకు ఆకృతుల లెక్కలు చేయింపవలదని మేము చెప్పము. అట్లు చెప్పుట నలుగురిలో మన బడి పిల్లలను వెనుకకు నెట్టుటయే యగును. బడిలోనే, రుసుము లేకుండ, అందఱిచేతను సమానముగా చేయింపవలెను. అభ్యాస మందఱికి నొక్కటియైనపుడే ఆ మార్కులలో మిగిలిన భేదమున కర్థముండును.

తన తరగతివారు ఈ పరీక్షను వ్రాయుటకు ముందే పంతులు చేయదగిన పని యొకటి గలదు. ఇది డబ్బుతో పనిలేనిది. ఎనిమిదవ తరగతి ఆరంభముననే పాత ప్రశ్నపత్రములు రెంటిని పెట్టి, మార్కులను కూడక, హాజరుపట్టిక ప్రక్కన రెండు వరుసలుగా వ్రాసికొని చూడవచ్చును. మొదటివరుసలో పైన, రెండవవరుసలో క్రింద నున్న పేళ్లు రెండో మూడో కనబడును. వానికెదురుగా హాజరుగడులను చూచినచో, ఏ నెలలలో ఖాళీలున్నవో, ఏ పాఠములు తప్పినవో తెలియును. ఆ పాఠములను సాయంకాలములయందు చెప్పుటకు పరీక్షకు ముందు ఇంకను కొన్ని నెల లుండును.